మూడువందల పన్నెండు ఇండ్లకు ఒకటే గడప

ఎమ్మిగనూరు దాటి ఆదోని రోడ్డు పట్టుకుని పోతాంటే ఎడమ పక్కన ఒక కమాను కనపడుతుంది. సిమెంటు కమాను, పైన రెండు పావురాలు, మధ్యలో 'ఆదర్శ కాలనీ' అని ఎర్ర అక్షరాలు. కాలనీ చూద్దామని లోపలికి పోయేరు, జాగ్రత్త, కాళ్లల్లో ముండ్లు దిగబడతాయి. అంతా నల్లరేగడి నేల, కంపచెట్లు, కంపల నడుమ నంబర్లు కొట్టిన రాళ్లు. ఒకటి నుంచి మూడువందల పన్నెండు దాకా రాళ్లు ఒక్కటి కూడా తక్కువ లేకుండా ఉండాయి. ఇండ్లే లేవు. ఉన్నది ఒక్క మిద్దె, దాంట్లో ఉండేది భీమమ్మ.

ఆ మార్చి నెల మొదట్లో ఒకనాటి పొద్దున భీమమ్మ జొన్నరొట్టె కాల్చుకుంటాంటే ఇండ్లాఫీసు వర్క్ ఇన్‌స్పెక్టర్ మంజునాథ్ మోటర్‌సైకిల్ దిగి వచ్చినాడు. ఇండ్లాఫీసు అనేది జనం పెట్టుకున్న పేరు. అసలు పేరు పడమటి ప్రాంత పేదల గృహనిర్మాణ, పురోభివృద్ధి, సంక్షేమ సంస్థ. అంత పేరు పలికేలోపల బస్సు వెళ్లిపోతుంది. దానికి ఆదోనిలో మూడంతస్తుల మేడ ఉంది. నలభై ఏండ్లలో ఆ సంస్థ పునాది నుంచి పైకప్పు దాకా సక్రమంగా కట్టి, రంగులేసి, లోపల మనుషులను పెట్టిన ఇల్లు ఆ మేడ ఒక్కటేనని గిట్టనివాళ్లు అంటారు. గిట్టనివాళ్లకు అంతా వంకరే. భీమమ్మ ఉన్న మిద్దె కూడా కట్టింది కదా.

మంజునాథ్‌కు రెండు పనులు చెప్పి పంపినారు. సంస్థకు నలభై ఏండ్లు నిండినాయని ఏప్రిల్ ఆఖరున పండగ చేస్తారంట, దానికి చరిత్ర పుస్తకం రాయాల. రాసేదానికి రికార్డు రూములో ఏమీ మిగల్లేదు, చెదలు మొత్తం చదివేసినాయి. పాత ఆఫీసర్లలో కొందరు పోయినారు, మిగిలినవాళ్లు హైదరాబాదులో అపార్ట్‌మెంట్లు కొనుక్కుని ఫోను ఎత్తడం మానేసినారు. మొదటినుంచి అంతా కండ్లారా చూసినది వాచ్‌మన్ బసన్న పెండ్లాము భీమమ్మ ఒక్కతే. రెండో పని చెప్పడానికి మంజునాథ్‌కు నోరు రాలేదు. పిల్లోడు మంచోడే, ముప్పై అయిదేండ్లు దాటినా మొహమాటం పోలేదు. రొట్టె, ఊరుబిండి పచ్చడి పెడితే తిన్నాడు, నీళ్లు తాగినాడు, మూతి తుడుచుకున్నాడు, అప్పుడు చెప్పినాడు. ఈ మిద్దెను సంస్థ స్మృతి మందిరం చేస్తారంట. పండగ లోపల ఖాళీ చెయ్యాలంట.

పెనం మీద రొట్టె మాడింది. భీమమ్మ చూసుకోలేదు. బసన్న పోయి ఎనిమిదేండ్లు. కూతురు గౌరి ఆదోనిలో ఒక గది బాడుగ ఇంట్లో ఉంది, ఈమె పోయి ఆడ పడుకుంటే అల్లుడు వీధిలో పడుకోవాల. వేరే దిక్కు లేదు. అరవై రెండేండ్ల వయసులో పత్తి ఏరను పోయి, మిరపకాయలు తుంచను పోయి, సాయంత్రానికి నడుము వాల్చుకునేది ఈ నాలుగు గోడల మధ్యనే.

మాడిన రొట్టె పక్కన పడేసి, చరిత్ర ఉన్నదున్నట్టు చెప్తానని, బదులుగా ఈ ఇంటి పట్టా ఇప్పించమని అడిగింది.

"పుస్తకంలో నీ పేరు పెద్ద అక్షరాలతో వేయిస్తానవ్వా," అన్నాడు మంజునాథ్.

"పుస్తకంలో నేను పండుకోలేను కదప్పా. పట్టాలో వెయ్యి."

ప్రయత్నం చేస్తానన్నాడు. ఆఫీసు వాళ్ల ప్రయత్నం ఎట్లుంటుందో ఆమెకు తెలియనిది కాదు. అయినా ఆశ చావదు కదా, ఆ రోజు నుంచి చెప్పడం మొదలుపెట్టింది.

మొదటి చైర్మన్ వచ్చిన రోజు ఆమెకు కొత్తగా పెండ్లయింది. ఆయన మైకు పట్టుకుని, ముందు పేదలకు ఇల్లంటే ఎట్లుంటుందో చూపిద్దాము, అప్పుడు వాళ్లే అడుగుతారు అని సెలవిచ్చినాడు. అప్పటిదాకా జనం ఇల్లనేది చూడలేదన్నట్టు! జనం చప్పట్లు కూడా కొట్టినారు. అట్లా లేచింది నమూనా ఇల్లు. ముందర పంచ, ఒక హాలు, వంటిల్లు, వెనక దొడ్డి. నేల కింద బండ తగిలిన చోట కట్టినారు కాబట్టి ఈనాటికీ నిలబడి ఉంది. ఊరికే తాళమేస్తే మేకలు దూరుతాయి, పెండ్లాన్ని తెచ్చుకుని నువ్వే ఉండు అని చైర్మన్ బసన్న భుజం మీద చెయ్యేసి చెప్పినాడు. అదీ బసన్నకు దొరికిన ఆర్డరు. భుజం మీద చెయ్యి. కాగితం అడిగితే సార్ నొచ్చుకుంటాడని ఆ మహానుభావుడు అడగలేదు.

మిగతా ఇండ్లు ఎందుకు లేయలేదంటే మన్ను. నల్లరేగడి ఎండకు బీటలిస్తుంది, వానకు ఉబ్బుతుంది, పునాది నిలవదు. ఆ సంగతి పత్తి విత్తే ప్రతి రైతుకూ తెలుసు. సంస్థకు మాత్రం పరీక్ష చేయించి తెలుసుకోవాలనిపించింది. మన్ను సంచికెత్తి పంపినారు. ఫలితం వచ్చేలోపల ఇంజనీరు బదిలీ అయినాడు. కొత్త ఇంజనీరుకు పాత మన్ను మీద నమ్మకం లేదు, ఇంకో గుంత తవ్వించినాడు. నలభై ఏండ్లలో ఎన్ని సంచులు పోయినాయో, ఆ మన్నంతా తిరిగిచ్చి ఉంటే జనం మట్టిగోడలన్నా లేపుకునేవాళ్లు. మాధవరం దిక్కు కట్టాలంటే తుంగభద్ర పొంగుతుందని భయపడినారు. ఆలూరు దిక్కు నీళ్లే లేవని మానుకున్నారు. ఆలూరులో వేసిన శంకుస్థాపన రాళ్లు మాత్రం మూడు ఉండాయి, ఒకదాని మీద ఆడోళ్లు బట్టలుతుకుతారు. బండ నున్నగా ఉంది, ఆ మటుకు సంస్థ పనికొచ్చిందనే చెప్పాల.

ఇవన్నీ మంజునాథ్ నోటుపుస్తకంలో రాసుకున్నాడు. ఇండ్లు లేకుండా ఇండ్లు పూర్తయినట్టు ఎట్లా చూపించినారు అనేది రాసేటప్పుడు మాత్రం పెన్ను ఆపినాడు. ఎందుకంటే ఆ పనిలో వాడు కూడా నాలుగేండ్లు పాలుపంచుకున్నాడు.

మార్చి వచ్చిందంటే పై నుంచి ఒత్తిడి. ఎన్ని ఇండ్లు పూర్తి, ఫోటోలు పంపండి అని. అప్పుడు ట్రాక్టర్లు కట్టి ఊర్ల నుంచి లబ్ధిదారులను తెచ్చేవాళ్లు. ఎమ్మిగనూరు ఫోటో స్టూడియో గోవిందన్న కెమెరా మెడకేసుకుని వచ్చేవాడు. ఒక్కొక్కరి చేతికి పలక ఇచ్చి, దాని మీద సుద్దముక్కతో పేరు, ఊరు, నంబరు రాసి, నమూనా ఇంటి గడప ముందర నిలబెట్టి ఫోటో తీసేవాడు. ముందు ఫోటో పడాల, తర్వాత ఇల్లు లేస్తుంది అని వాళ్లకు చెప్పేవాళ్లు. వాళ్లు నమ్మేవాళ్లు. చంకలో బిడ్డనేసుకుని మాధవరం నుంచి వచ్చిన సారమ్మ, నలభై ఏడో నంబరు, ఫోటో తీసినాక గోడను అరచేత్తో నిమిరి, నా ఇల్లు కూడా ఇట్లే ఉంటుందా భీమక్కా అని అడిగింది. ఇంతకంటే బాగుంటుందని భీమమ్మ చెప్పింది. అబద్ధం కాదు, ఆమె కూడా నమ్మింది.

నమ్మింది కాబట్టే మార్చి నెలలో ఆమెకు నడుము విరిగేది. ఇల్లు కొత్తదిగా, ఎవరూ కాపురం లేనట్టు కనపడాలని సార్లు చెప్తే, మంచం, పొయ్యి, కుండలు, ట్రంకుపెట్టె వెనక దొడ్లోకి మోసేది. దండెం విప్పేది. కోళ్లను గంప కింద మూసేది. పొగ పట్టిన గోడకు సున్నం పూసేది. ఆఖరికి గడపకు రాసిన పసుపు కూడా రుద్ది కడిగేసేది. కట్టుకున్నవాడు బతికుండగా గడప పసుపు కడగాలంటే ఏ ఆడదానికి చేతులొస్తాయి? కడిగినాక దొడ్లో గోడ చాటున కూర్చుని, ఆ కెమెరాలో తన కొంగు పడితే ఎవరి ఇల్లు ఆగిపోతుందో అని, దగ్గొచ్చినా నోటికి గుడ్డ అడ్డం పెట్టుకునేది. ఇంత బుద్ధిమంతురాలు ఆ సంస్థకు ఇంకొకరు దొరకలేదు, దొరకరు.

ఇప్పుడు ఆ బుద్ధే నెత్తికెక్కి కూర్చుంది. మంజునాథ్ పట్టా సంగతి సంస్థను నడిపే ఎండీ దగ్గర ఎత్తితే, నలభై ఏండ్లుగా ఆమె ఆడ ఉందని రుజువు చూపించమన్నాడంట. కరెంటు బిల్లు సంస్థ పేరు మీద, రేషన్ కార్డు బసన్న పుట్టిన ఊరి మీద. ఇక మిగిలింది ఫోటోలే. పాత ఫోటోలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి ఉండాయి, ప్రతి ఫోటో పక్కన ఆ ఇల్లు భూమ్మీద యాడుందో చూపించే ఎర్రచుక్క కూడా ఉంది. మంజునాథ్ ల్యాప్‌టాప్ తెచ్చి పంచలో పెట్టి, ఇద్దరూ ఒక మధ్యాహ్నమంతా మూడువందల పన్నెండు ఫోటోలూ చూసినారు. అదే తలుపు, అదే కిటికీ, కిటికీ పైన అదే బీట. మనుషులే మారినారు. గవర్నమెంటు మారినప్పుడల్లా గోడ రంగు మారింది. భీమమ్మ లేదు. ఆమె కుండ లేదు, చీర చెంగు లేదు.

"నలభై ఏండ్లప్పా," అనింది భీమమ్మ. "నా కోడిపుంజన్నా పడలేదా?"

మంజునాథ్ పాపం మళ్లా మొదటినుంచి చూసినాడు. కోడిపుంజు కూడా పడలేదు.

ఆమె ఆ సాయంత్రం సంగటి కెలకలేదు. మంజునాథ్ ఒక ఉపాయం ఆలోచించి రెండో రోజే వచ్చినాడు. కొత్త విడతలో ఒక పేరు ఖాళీగా ఉంది, నెలాఖరు లోపల నింపాల. నువ్వు కూడా లబ్ధిదారు అయిపో అవ్వా, ఒకసారి పేరెక్కితే పట్టా దానంతట అదే వస్తుంది అన్నాడు. ఆఫీసు తెలివి ఆ మాత్రమే ఉంటుంది. భీమమ్మ మొహం కడుక్కుని, పెట్టెలోని మంచి చీర కట్టుకుని, పలక పట్టుకుని తన గడప ముందర తానే నిలబడింది. భీమమ్మ, ఆదర్శ కాలనీ, నంబరు 313. మంజునాథ్ ఫోనుతో టక్కుమని తీసినాడు. ఆమెకు జన్మలో మొదటిసారి ఆ ఇంటితో ఫోటో దిగడం. నవ్వొద్దవ్వా, పేదోళ్లు నవ్వితే పైన ఒప్పుకోరు అని వాడు చెప్పినా ఆమెకు నవ్వు ఆగలేదు.

మూడో రోజుకు మెసేజి వచ్చింది. తమరి గృహం పూర్తి అయినది, అభినందనలు అని. భీమమ్మ సంతోషం పట్టలేక పత్తి చేలో కూలోళ్లందరికీ బొరుగులు, బెల్లం పంచింది.

వారం తిరక్కుండా కాగితం కూడా వచ్చింది. పట్టా కాదు. తమరికి గృహము మంజూరై నిర్మాణము పూర్తి అయినందున, సంస్థకు చెందిన నమూనా గృహమును తక్షణమే ఖాళీ చేయవలసినది, లేనిచో చర్య తీసుకొనబడును. మంజునాథే చదివి వినిపించినాడు. నాకు ఇట్లా అవుతుందని తెలీదవ్వా అన్నాడు. భీమమ్మకు కోపం మాత్రం వచ్చింది, అట్లాంటిట్లాంటి కోపం కాదు. నలభై ఏండ్లు గోడ చాటున దాక్కున్నందుకు తన మీద తనకే ఒళ్లు మండిపోయింది. ఆ కాగితాన్ని అడిగి తీసుకుని, మడిచి రొంటిన దోపుకుంది.

పండగ రోజు రానే వచ్చింది. కంపలు కొట్టించి షామియానా వేసినారు. చైర్మన్ పదకొండు గంటలకు వస్తాడు, ఫోటోలు దిగిన ఊర్ల జనాన్ని ఎనిమిదికే ట్రాక్టర్లలో దింపినారు. చరిత్ర పుస్తకాలు కట్టలు కట్టలుగా వచ్చినాయి. అట్ట మీద మూడువందల పదమూడు ఇండ్లు, నూటికి నూరు పాళ్లు పూర్తి అని బంగారు రంగులో అచ్చేసినారు. భీమమ్మ చెప్పిన సంగతులు దాంట్లో ఒక్కటీ లేవు, మొదటి చైర్మన్ దూరదృష్టి గురించి మాత్రం తొమ్మిది పేజీలున్నాయి. ఇంకా సొగసుగా ఉండాలని ఎండీ ఒక ఆలోచన చేసినాడు. లబ్ధిదారుల ఫోటోలన్నీ పెద్దవి చేయించి కమాను నుంచి మిద్దె దాకా తాళ్లకు వేలాడదీయించినాడు. తాళ్లకు కట్టింది మంజునాథే. వద్దని ఒక్క మాట కూడా అనలేదు, వరస నంబర్లు తప్పకుండా శ్రద్ధగా కట్టినాడు.

పదికి ఎండీ మిద్దె దగ్గరకు వచ్చినాడు. ఇల్లు వచ్చినాక కూడా ఇంకా ఈడ కూర్చుంటే ఇంకొకరికి అన్యాయం కాదామ్మా అని బుద్ధి చెప్పినాడు. భీమమ్మ మంచం, ట్రంకుపెట్టె, కుండలు, పొయ్యి ఒక్కొక్కటే బయటికి మోసింది. మంచానికి ఒక కొస మంజునాథ్ పట్టుకున్నాడు. తాళమేసి తాళంచెవి ఎండీ చేతిలో పెట్టింది. ఖాళీ చేసినట్టు కాగితం మీద వేలిముద్ర వేసింది. ఆ తర్వాత రొంటిలో నుంచి నోటీసు తీసి చూపించింది.

"నాకు ఇల్లు పూర్తయిందని రాసినారు కదా సారూ. అది యాడుందో సూపీండి. సామాన్లు మోసుకోవాల."

ఎండీ విసుక్కుని, చూపించవయ్యా అని మంజునాథ్‌కు పురమాయించినాడు. వాడు ఫోన్లో 313 నంబరు నొక్కి, దారి చూపించమని అడిగినాడు. ఫోనులో ఒక ఆడమనిషి గొంతు చక్కటి తెలుగులో, మీరు గమ్యస్థానం చేరుకున్నారు అని చెప్పింది.

ఎండీ మొహం మాడిపోయింది. అది టెక్నికల్ పొరపాటు, సరిచేద్దాంలే అన్నాడు. మంజునాథ్ గొంతు తగ్గించి, మర్యాదగానే చెప్పినాడు. ఇది సరిచేస్తే మిగతా మూడువందల పన్నెండూ సరిచెయ్యాల సార్, చుక్క అన్నిటికీ ఒకటే, పుస్తకాలేమో అచ్చయిపోయినాయి, చైర్మన్ కారు ఆదోని దాటింది. ఎండీ ఒకసారి పుస్తకాల కట్టల దిక్కు చూసినాడు, ఒకసారి ముసలిదాని దిక్కు చూసినాడు. తాళంచెవి తిరిగి ఆమె చేతిలోనే పెట్టినాడు.

భీమమ్మ తలుపు తీసి, కుడికాలు ముందర పెట్టి లోపలికి పోయింది. అంతసేపూ బిగబట్టిన ఏడుపు అప్పుడు వచ్చింది. ఆపుకోలేదు, గట్టిగానే ఏడ్చింది. బసన్న ఉంటే బాగుండు అనిపించింది. తర్వాత ఒక్కతే మంచం లోపలికి లాక్కుని హాలు నడుమ వేసుకుంది.

తలెత్తేసరికి గడప అవతల ఒక ఆడమనిషి నిలబడి ఉంది. నెరిసిన తల, చేతిలో తాడు నుంచి పీకిన ఫోటో. ఫోటోలో పడుచుపిల్ల చంకలో బిడ్డనేసుకుని పలక పట్టుకుని ఉంది. నలభై ఏడు.

"భీమక్కా, ఇరవై ఏడేండ్లాయె. నేను ఆఫీసుకు పోయినప్పుడల్లా నీకు ఇల్లు వచ్చేసింది పొమ్మన్నారు," అనింది సారమ్మ. "ఇదేనా అది?"

భీమమ్మ చెయ్యి తనకు తెలీకుండానే తలుపు మీదికి పోయింది. ఉన్న మాట చెప్పాలంటే మూసేద్దామనే అనుకుంది. ఊడ్చింది నేను, సున్నం పూసింది నేను, ఇప్పుడే కదా నాదయింది అని లోపల ఒకటే పోరు. అయితే తనకున్న రుజువూ ఒక ఫోటోనే, సారమ్మ చేతిలో ఉన్నదీ ఫోటోనే. ఆ ఫోటో బాగా రావాలనే ఆ రోజు గోడ చాటున ఊపిరి బిగబట్టి కూర్చుంది తాను కాదా? సారమ్మ వెనకాల తాళ్ల దగ్గర కలకలం లేచింది. ఫోటోలు ఒక్కొక్కటే దిగిపోతాండాయి. చేతిలో ఫోటో పట్టుకుని, దాన్నొకసారి, మిద్దెనొకసారి చూసుకుంటా జనం ఇటే నడిచి వస్తాండారు. కమాను కింద చైర్మన్ కారు ఆగి హారన్ కొడతాంది.

"తలుపెయ్యమ్మా," అన్నాడు ఎండీ కంగారుగా. "నీ ఇల్లే కదా, నీ తలుపు నువ్వేసుకో."

నలభై ఏండ్లలో ఆ సంస్థ వాళ్లు ఆమెతో ఇది నీ ఇల్లు అనడం అదే మొదలు. భీమమ్మ తలుపు మీద నుంచి చెయ్యి తీసేసింది.

"రా సారమ్మా, లోపలికి రా. నీ నంబరు నాకంటే ముందరిది," అని, వెనక వచ్చేవాళ్లు కూడా కూర్చోవాల కదా అని, మంచం ఎత్తి గోడకు ఆనించింది.